ఆరేళ్లకు తెలిసిన పేరు

సుబ్బాయమ్మది వాడపల్లి పక్క ఊరు. పాతికేళ్లుగా వేడి కుండ ముందు కూర్చుని పూతరేకులు తీస్తోంది. ఈ మధ్య ఎడమ చెయ్యి వాచి గాజులు ఎక్కడం మానేశాయి. పాత ఆస్పత్రి ఫైలు సంచిలో పెట్టుకుని ఒక్కతే కొత్తపేటలో వైద్య శిబిరానికి వెళ్లింది. ఆవిడకు చదువు రాదు. ఆరేళ్ల కిందట రొమ్ములో గడ్డ వస్తే కాకినాడలో కోసి తీసేశారనీ, మళ్లీ రాకుండా సెలైన్లు ఎక్కించారనీ మాత్రమే తెలుసు.

డాక్టరు మాధురి ఫైలు తిరగేసింది. "కేన్సర్ తగ్గేక ఒక్కసారైనా చెకప్‌కి వెళ్లలేదేంటమ్మా?"

"ఎవరికండీ కేన్సరు?"

డాక్టరు తలెత్తి చూసింది. పేరు, ఊరు, భర్త పేరు మళ్లీ అడిగింది. అన్నిటికీ "ఆయ్" అంది సుబ్బాయమ్మ.

"మీకేనమ్మా."

చంకలో గ్రంథులు తీస్తే కొందరికి ఇలా వాపు వస్తుందనీ, వేడి దగ్గర కూర్చోకూడదనీ, కాకినాడ వెళ్లి పరీక్షలు చేయించుకోవాలనీ డాక్టరు చెబుతూనే ఉంది. సగం వినపడలేదు. ఏ బస్సెక్కి ఇల్లు చేరిందో కూడా సుబ్బాయమ్మకు గుర్తులేదు.

భర్త మాణిక్యాలరావు కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు.

"నాకొచ్చింది కేన్సరా అండీ?"

చెంబు చేతిలోనే ఉండిపోయింది. "ఎవరు చెప్పేరే?"

ఆ ఒక్క మాటతో అంతా తెలిసిపోయింది.

"మీ తమ్ముడు రాజేంద్రా నేనూ అనుకున్నామే. చెబితే బెంగతోనే పోతావని భయమేసింది."

"అబ్బాయికీ అమ్మాయికీ తెలుసా?"

"తెలుసు."

"ఊళ్లో వాళ్లకి?"

అతను తల దించుకున్నాడు. జుట్టు రాలితే మందు వేడి అన్నారు, నమ్మింది. కూతురు దుర్గాశ్రీ పెళ్లి అంత హడావిడిగా ఎందుకు చేశారో ఇప్పుడు అర్థమైంది. ఆ ఏడాది పళ్లు పట్టుకుని పలకరించడానికి వచ్చిన వాళ్లంతా చివరి చూపు చూసి వెళ్లారన్నమాట. ఒళ్లు తనది, తెలియనిదీ తనకే.

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు ఫైలు తీసింది. "కాకినాడ పదండి. ఈసారి ఏదున్నా నాకే చెప్పాలి."

ఆస్పత్రి వరండాలో పక్కన కూర్చున్న ముసలావిడ, "నీకేమొచ్చిందమ్మా?" అని అడిగింది.

"రొమ్ము కేన్సరండి." తన నోటితో అనడం అదే మొదలు.

ముసలావిడ కొడుకు గబగబా వచ్చి సుబ్బాయమ్మను పక్కకు పిలిచాడు. "మా అమ్మకి గడ్డనే చెప్పేమండీ. ఆవిడ దగ్గర ఆ మాటెత్తకండి."

"నాకూ అలాగే చెప్పేరు బాబూ. ఆరేళ్ల తర్వాత తెలిస్తే కాళ్ల కింద నేల లేదు. మీ అమ్మకి మీరే చెప్పుకోండి."

మాణిక్యాలరావు గోడవైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

పరీక్షల్లో రోగం తిరగబెట్టలేదని తేలింది. చెయ్యి మాత్రం పూర్తిగా మామూలు కాదన్నారు, ఎప్పుడూ కట్టు కట్టుకోవాలన్నారు. ఆ మాటలు అక్కడి డాక్టరు సుబ్బాయమ్మ మొహం చూస్తూనే చెప్పేడు. ఆవిడ రెండుసార్లు అడిగి మరీ విన్నది.

ఇప్పుడు కుండ ముందు కోడలు కూర్చుంటోంది. సుబ్బాయమ్మ దూరంగా కూర్చుని నెయ్యి, పంచదార వేసి రేకులు మడుస్తోంది. భర్తతో మాట్లాడుతోంది గానీ, తమ్ముడి ఫోను ఇంకా ఎత్తడం లేదు.