ఒడ్డు చూడని కథ

ఎనిమిదేళ్లుగా ఒక వ్యాసం నా బీరువాలో ఉంది. నాలుగు పేజీలు, గీతల కాగితం. దాని మీద ఎర్రసిరాతో నేను వేసిన మార్కులు ఇరవైకి తొమ్మిది. ఆ తొమ్మిది అబద్ధం. బీరువా తలుపు తీసినప్పుడల్లా అది అక్కడుందని తెలుస్తూనే ఉంటుంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్నెరగరు గనక. ఎరిగినవాళ్లు నా మాట నమ్మరు గనక.

నమ్మకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. కోతలు కొయ్యడం నా రెండో ఉద్యోగం. ఉద్దానం జీడితోటలో ఎలుగుబంటి నన్ను చూసి పక్కకు తప్పుకుని దారిచ్చిందని, నేనూ మర్యాదకు ఒక నమస్కారం పెట్టానని ఇరవయ్యేళ్లుగా చెబుతున్నాను. పిల్లలు నవ్వుతారు. నవ్వే పిల్లలు క్లాసు మానరు. నా కోతలకు అంతకంటే పెద్ద సమర్థన లేదు.

మూడో ఏడాది పిల్లలకు సాహిత్య విమర్శ వ్యాసం రాయడం నేర్పాలి. నేను చెప్పే పద్ధతి సులువే. ముందు ఒక ప్రతిపాదన చెయ్యాలి. ప్రతిపాదనంటే ఎవరైనా కాదనడానికి వీలున్న మాట. 'ఈ కథ చాలా బాగుంది' అంటే కుదరదు. తర్వాత కథలోంచి వాక్యం ఎత్తి రాసి ఆధారం చూపాలి. ఆ వాక్యం మన మాటను ఎలా నిలబెడుతుందో విప్పి చెప్పాలి. మన మాట ఎక్కడిదాకా చెల్లుతుందో, ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలి. చివర ముగింపు. ఇబ్బందల్లా ఏమిటంటే, ఏ కథ ఇచ్చినా దానికి గైడుంటుంది, పిల్లలు గైడు దించేస్తారు. అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని నేనే ఒక కథ రాశాను. చేపల వేటకు వెళ్లిన తండ్రీకొడుకులు గాలివానలో చిక్కుకుని, చివరికి పడవనిండా చేపలతో ఒడ్డుకు చేరే కథ.

మాది విజయనగరం జిల్లాలో చెరకు పండే ఊరు. సముద్రం నాకు భావనపాడు పిక్నిక్‌లో మోకాళ్ల దాకా తెలుసు. ఆ మాట చెబితే కథకు విలువేముంటుంది? పాత పత్రికలో దొరికిందన్నాను. రాసినాయన పేరున్న చోట కాగితం చిరిగిపోయిందన్నాను. ఆయన బతుకంతా సముద్రం మీదే గడిపాడని కూడా అన్నాను. పేరే తెలియనివాడి బతుకు మీకెలా తెలిసింది సార్ అని ఒక్కరూ అడగలేదు.

ఆ క్లాసులో కుమారి ఉండేది. ఇది ఆమె అసలు పేరు కాదు. ఊరు భావనపాడు, తండ్రి వేటకు వెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. ఏటా విశాఖపట్నంలో యూనివర్సిటీ పెట్టే పోటీకి మా కాలేజీ ఒక్క వ్యాసం పంపుతుంది. ఆ ఏడు ఈ కథ మీద రాసినవాటిలోంచే ఎంచుతానని చెప్పాను. కుమారికి విశాఖపట్నంలో ఎం.ఏ. తెలుగు చదవాలని ఉంది. తల్లి ఒక షరతు పెట్టింది. వ్యాసం విశాఖపట్నం వెళ్తే కూతురూ వెళ్లొచ్చు, లేదంటే డిగ్రీతో సరి. ఆ షరతు గురించి కుమారే నాకు నవ్వుతూ చెప్పింది. కనక తెలియక చేశాను అనడానికి నాకు దారి లేదు.

ఆమె వ్యాసంలో మొదటి వాక్యం: 'ఈ కథ రాసినాయన పడవ ఒడ్డుకు రావడం ఎప్పుడూ చూడలేదు.' దానికి ఆధారం, తండ్రీకొడుకులిద్దరూ పడవను ఇసుక మీదికి లాగారన్న నా వాక్యం. చేపలతో నిండిన పడవ ఇద్దరు లాగితే కదలదనీ, పదిమంది భుజం వెయ్యాలనీ రాసింది. ఇంకో ఆధారం, 'చేపలు గంపలకెక్కాయి' అన్న వాక్యం. ఎక్కించింది ఎవరు? పడవ వచ్చే వేళకు ఒడ్డంతా ఆడవాళ్లే ఉంటారు, గంపలు వాళ్లవి, బేరం వాళ్లది. కథలో ఒక్క ఆడమనిషి లేదు. అనవసరమని వదిలేశాడా అంటే, కొంగల్ని వదల్లేదు, ఇసుకలో పీతల్ని కూడా వదల్లేదు. చివర ఇలా రాసింది: 'సముద్రం లోపలి సంగతులు నాకు తెలియవు, కనుక వాటి గురించి ఏమీ అనను.'

అంత మంచి వ్యాసం నా సర్వీసులో రాలేదు. నేను చెప్పిన మెట్లన్నీ ఎక్కింది. ఎక్కి, పైనుంచి నన్ను చూసింది. అది యూనివర్సిటీకి వెళ్తే ఆ పత్రిక ఏదని ఎవరో అడుగుతారు, తోటివాళ్లు నవ్వుతారు. అందుకే భయపడ్డానా? చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఇప్పుడు నిజం చెప్పాలంటే, ఆ కథ మీద నాకు ముచ్చట ఉండేది, పేరు పెట్టుకోకపోయినా నాది గనక, దాన్ని ఎవరైనా ఒక మాటంటే ఇంత నొప్పి పుడుతుందని అంతకుముందు నాకు తెలియదు. 'ఆధారం పాఠ్యంలోంచి రావాలి. సొంత ఊరి కబుర్లు విమర్శ కావు' అని రాసి తొమ్మిది వేశాను.

మర్నాడు స్టాఫ్ రూముకు వచ్చింది.

"సార్, ఇందల తప్పేటో సెప్పండి. దిద్దుకుంతాను."

"ఆధారం కథలోంచి రావాలమ్మా. మీ ఊళ్లోంచి కాదు."

"కథలోదే కదా సార్. గంపలకెక్కాయన్నాడు. ఎక్కించినోలు ఎవులో సెప్పనేదు. లేనిది సూపించినా ఆదారమేనని మీరే సెప్పినారు."

"ఆయన సముద్రం మీద బతికినవాడు. ఆయనకు తెలియదా?"

"సముద్రం సంగతి మా అయ్యకి తెలుసు సార్. ఒడ్డు నాకు తెలుసు. ఆయన ఒడ్డు మీద నిలబడనేదు."

"అయితే వెళ్లి ఆయన్నే అడుగు. ఎప్పుడో పోయాడు."

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. అలా నన్ను నేనే చంపేసుకున్నాను, అదీ ఒక చమత్కారమనుకుని.

కుమారి నవ్వలేదు. "ఆయన నేకపోతే ఇంక సెప్పాల్సింది మీరే కదా సార్," అంది. నేను హాజరు పట్టీ తిరగేశాను. కాగితాలు నా బల్ల మీదే వదిలి వెళ్లిపోయింది.

పోటీకి ఇంకో వ్యాసం పంపాను. 'ఈ కథ శ్రమ గొప్పతనాన్ని చాటుతుంది' అన్నది దాని ప్రతిపాదన. కాదనడానికి ఎవరికి మనసొప్పుతుంది? దానికి ఏ బహుమతీ రాలేదు. కుమారి ఎం.ఏ.కి దరఖాస్తు పెట్టలేదు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. మరుసటి ఏడు కథను దిద్దాను. ఒడ్డు మీదికి ఆడవాళ్లను తెచ్చాను, వాళ్ల చేతులకు గంపలిచ్చాను, పడవకు పదిమందిని పెట్టాను. ఆ ప్రతినే ఇప్పటికీ ఇస్తున్నాను. 'ఈ రచయితకు ఒడ్డు బతుకు క్షుణ్ణంగా తెలుసు' అని పిల్లలు ఏటా రాస్తారు. నేను టిక్కు పెడతాను. అలవాటైపోయింది.

రెండు నెలల కిందట బంధువులొస్తే అరసవల్లిలో గది కోసం ఒక లాడ్జికి వెళ్లాను. కౌంటరులో కుమారి ఉంది. నా పేరు అడక్కుండానే రిజిస్టరులో రాసింది. ఇప్పటికీ ఆ కథే ఇస్తున్నారా సార్ అని అడిగింది. ఇస్తున్నానన్నాను. ఒడ్డు మీదికి ఆడవాళ్లు ఇంకా రాలేదా అంది, మామూలుగానే, నవ్వుతూ. వచ్చారని ఎలా చెప్పను? నువ్వే తెచ్చావని ఎలా చెప్పను? తాళం తీసుకుని మెట్లెక్కాను.

ఇదీ సంగతి. ఇక్కడిదాకా రాశాక గుండె కొంచెం తేలికపడిన మాట నిజం. ఆ తేలిక నాకే, ఆమెకు ఒరిగిందేమీ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

వ్యాసం ఇప్పుడు నా ముందే ఉంది. మళ్లీ మొదట్నుంచి దిద్దాను. పద్దెనిమిది. రెండు ఎందుకు తగ్గించానంటే, ముగింపు నిజంగానే తొందరపడి రాసింది. ఆ మాట ఆ రోజు చెప్పి ఉంటే దిద్దుకునేది.