కరీముద్దీన్ ఇత్తడి అతుకు

కరీముద్దీన్‌కు ఒక చెడ్డ అలవాటు ఉండేది. బీడీ కాదు, పేకాట కాదు. పాత ఇంజను బాగుచేశాక అది పాతదన్న ఆనవాలు ఎక్కడా మిగలనిచ్చేవాడు కాదు.

1969లో తాండూరు స్టేషను వెనక రేకుల షెడ్డు వేసుకున్న నాటి నుంచీ అదే తంతు. బావుల మీద నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు యాలాల్ నుంచీ బషీరాబాద్ నుంచీ బండ్లెక్కి వచ్చేవి. వాటిని విప్పి, అరిగినవి మార్చి, పగిలినచోట మత్తయ్య చేత ఇత్తడితో అతుకు వేయించేవాడు. పక్క కొట్టు మత్తయ్య అతుకు వేశాడంటే మళ్లీ చూసుకోనక్కర్లేదు. కానీ కరీముద్దీన్ లెక్కలో అసలు పని ఆ తర్వాతే. ఆ అతుకును ఆకురాయితో నున్నగా రుద్ది, లప్పం పట్టించి, పైన ఆకుపచ్చ రంగు నిగనిగలాడేలా పూసేవాడు. రైతు వచ్చి షెడ్డంతా కలియజూసి "నాదేది కరీంభాయ్?" అని వెతుక్కుంటుంటే గడ్డం నిమురుకుంటూ మురిసిపోయేవాడు.

"మీ ఇంజన్లకు దినాం ఈద్ పండుగే. నాకే కొత్త చీర ఏడాదికి రెండు మాట్ల," అని భార్య హాజిరాబీ దెప్పేది. ఆ మాటకూ మురిసిపోయేవాడు. ఏం మనిషి!

డెబ్బయ్యెనిమిదిలో ఆ మురిపెం కాస్తా అణగిపోయింది. బావి ఇంజన్లకు సర్కారు అప్పు ఇస్తుందనీ, అయితే కొత్త ఇంజనుకే ఇస్తుందనీ కబురు వచ్చింది. బాగుచేయించుకోవాలంటే రైతు చేతిలోంచి పెట్టుకోవాలి. కొత్తదైతే అప్పు దొరుకుతుంది. ఇక షెడ్డు మొహం ఎవరు చూస్తారు? రెండు నెలలు తిరక్కుండానే మంచి మంచి ఇంజన్లు పాత ఇనుము కింద లారీలెక్కి పోవడం మొదలైంది. అవి కళ్లముందు పోతుంటే కరీముద్దీన్‌కు అన్నం సహించలేదు.

తాండూరు, కొడంగల్ షెడ్ల వాళ్లంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. బాగుచేసిన ఇంజనుకూ అప్పు ఇవ్వాలి, అదే వాళ్ల కోరిక. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి పెద్ద చర్చేమీ జరగలేదు. నూనె మరక లేని చొక్కా కరీముద్దీన్ ఒక్కడికే ఉంది. ఆ చొక్కా తొడుక్కుని వికారాబాద్‌లో అప్పులిచ్చే ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. చివరికి మహేందర్ అనే ఆఫీసరు విసిగిపోయాడో, మెత్తబడ్డాడో గానీ, "ఒక ఇంజను తెచ్చి నా ముంగట నడిపి చూపెట్టుండ్రి. పని జేస్తే పైకి రాస్త," అన్నాడు.

యాలాల్ నర్సింహులు ఇంజనును ఎంచుకున్నారు. నీళ్లందక కాలిపోతున్న ఇంజను మీద అతను కంగారులో బకెట్టుడు చన్నీళ్లు గుమ్మరించాడు. దాంతో ఇంజను పక్క గోడ జానెడు పొడుగున పగిలింది. దానికి అతుకు వేశాక మత్తయ్య, "రంగు తర్వాత ఏస్కుందం భాయ్," అన్నాడు. కరీముద్దీన్ వింటేగా! ఆఫీసరు ముందుకు పోయే ఇంజను మాసిన మొహంతో పోతుందా? ఈసారి మూడు పూతలు వేశాడు.

ఇంజనును తాండూరు బండలు మోసే లారీలో ఎక్కించి, నర్సింహులుతో కలిసి ముగ్గురూ వికారాబాద్ చేరారు. ఆఫీసు ఆవరణలో ఇంజను దించగానే మహేందర్ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. మొహం మాడ్చుకున్నాడు.

"నన్ను పిచ్చోణ్ణి జేస్తున్నరా? కొత్త ఇంజను దెచ్చి పాతదంటున్నరు."

"అయ్యో సార్, నాదే ఇది! నా బాయి మీదిది!" అన్నాడు నర్సింహులు.

"అప్పు నీకే గావాలె గద. నువ్వు గట్లనే అంటవ్. తీస్కపోండ్రి."

కరీముద్దీన్ తొమ్మిదేళ్లుగా ఏ మాట వినాలని కష్టపడ్డాడో ఆ మాటే విన్నాడు. అదే ఇప్పుడు అందరి కొంప ముంచుతోంది. మత్తయ్య వైపు చూశాడు. మత్తయ్య సంచిలోంచి ఆకురాయి తీసి చేతిలో పెట్టాడు.

ఒక్క క్షణం కరీముద్దీన్‌కు చెయ్యి రాలేదు. తర్వాత కూర్చుని గీకడం మొదలుపెట్టాడు. తన రంగు తన చేత్తోనే! పెచ్చులు పెచ్చులుగా ఊడింది. దాని కింద లప్పం రాలింది. దాని కింద, వంకరటింకరగా, పచ్చగా మెరుస్తూ ఇత్తడి అతుకు బయటపడింది. నలుగురిలో బట్ట జారినంత సిగ్గుపడి తల వంచుకున్నాడు.

మహేందర్ వంగి అతుకు మీద బొటనవేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జరిపాడు.

"నడపుండ్రి," అన్నాడు.

నర్సింహులు హ్యాండిల్ తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గి అందుకుంది. ఇంజనును చల్లబరిచే డ్రమ్ములో నీళ్లు వేడెక్కేదాకా నడిపారు. అతుకు దగ్గర చుక్క తడి లేదు.

"గింత మంచిగ జేసి గిదెందుకు దాస్తరయ్యా?"

"సిగ్గు సార్. అతుకు కనబడ్తె పని రాదంటరని."

"నాకు గావాల్సింది గా అతుకే. పాతదని నమ్మాలె, పనిజేస్తదని నమ్మాలె. గిది రెండూ చెప్తున్నది." మహేందర్ లేచి నిలబడ్డాడు. "రాస్త. కని ఒక్క షరతు. బాగుజేసిన జాగల రంగు ఎయ్యొద్దు."

కరీముద్దీన్‌కు ప్రాణం లేచివచ్చింది. తిరుగు దారిలో ఖాళీ లారీలో ఇంజనుకు వీపు ఆనించి కూర్చుని, కారణం లేకుండా నవ్వుతూనే ఉన్నాడు. గాలికి అధ్యక్షుడి చొక్కా ఎగిరిపోతోంది. దాని నిండా ఆకుపచ్చ పెచ్చులు, నూనె మరకలు. మత్తయ్య అది చూపించి, "ఇగ మాలో కలిసినవ్ భాయ్," అన్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆ రాత్రి కరీముద్దీన్ రెండోసారి అడిగి అన్నం పెట్టించుకున్నాడు. హాజిరాబీ ఏమీ దెప్పకుండా వడ్డించింది.

వానకాలం ముందు ఉత్తర్వు వచ్చింది. అప్పు కింద బాగయిన మొదటి ఇంజను బషీరాబాద్ ఇంద్రమ్మది. కరీముద్దీన్ అతుకు చుట్టూ అరచెయ్యంత జాగా వదిలి రంగు వేశాడు. చేతులు మాత్రం ఆ జాగా మీదికి కుంచె పోనిమ్మని గుంజుతూనే ఉన్నాయి. ఇంజను తీసుకోవడానికి వచ్చిన ఇంద్రమ్మ ఇంకా బండి దిగనేలేదు. షెడ్డులో వరసగా ఉన్న ఇంజన్ల వైపు అక్కణ్ణుంచే చెయ్యి చాపింది.

"అగో, గదే నాది!"

కరీముద్దీన్ కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నేళ్లలో అతని షెడ్డులో తన ఇంజనును గుర్తుపట్టిన మొదటి మనిషి ఆమే.