చిన్నత్త దాచిన కణాలు

పొద్దున్నే హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ల్యాబుకు బయలుదేరుతూ మా చిన్నత్త గుమ్మం దగ్గరే కుప్పకూలిందట. ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయింది. క్యాన్సర్ మీద ఆయుష్షంతా ధారపోసిన మనిషిని గుండెపోటు తీసుకుపోయింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. ఇల్లందులో బొగ్గుబాయి కార్మికుడి ఇంట్లో పుట్టి పరిశోధకురాలైంది. రోగి రక్తంలోంచి రోగంతో పోరాడే కణాలను తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా మార్చి, పెంచి, తిరిగి ఆ మనిషికే ఎక్కించడం ఆమె పని. ఊరికొస్తే బస్సు దిగిన వెంటనే నల్లా దగ్గర మోచేతులదాకా తోముకునేది. తాతలాగే బాయిలో పనిచేసే నాన్న ఊరుకునేవాడా?

"బాయిల దిగొచ్చింది నువ్వా, నేనా?"

ఎవరి జబ్బు గురించి అడిగినా "తగ్గుతది" అనేది కాదు. "చూద్దాం" అనేది. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో ఆమెకు మొండిమనిషని పేరొచ్చింది.

నాన్నకు రక్తక్యాన్సర్ వచ్చినప్పుడూ అదే మాట. మందులన్నీ వాడాక, ఇక మిగిలింది అత్తవాళ్ళ చికిత్స ఒక్కటే అన్నారు డాక్టర్లు. కణాలు తీశారు. అవి పెరగలేదు. అప్పటిదాకా వాడిన మందులకు నీరసించిపోయాయట.

ఆ కబురు ఇల్లందు చేరింది. బాయిలో కప్పు కూలి ఒకడు చిక్కుకుంటే డ్యూటీ దిగినవాళ్ళు కూడా ఇంటికి పోరు మా దగ్గర. నాన్నతో పనిచేసినవాళ్ళు అదే లెక్కన బస్సెక్కి వచ్చేశారు. చొక్కా చేతులు పైకి మడిచి ల్యాబు గేటు ముందు నిలబడ్డారు.

"మావి తీస్కో చెల్లె. ఎవలివి మంచిగుంటే గవి ఎక్కియ్," అన్నాడు నాన్నకు జంటగా పనిచేసిన కాక.

"గట్ల కుదరదే కాకా. గివి రక్తం లెక్క కాదు. మీవి ఎక్కిస్తే మా అన్న ఒంటి మీదనే తిరగబడ్తయి."

"ఇన్ని సదువులు సదివి గింతేనా?"

తిట్టలేదు, ఏడుస్తూ అడిగాడు. అత్త ఆయన మడిచిన చొక్కా చేతిని కిందికి దించి గుండీ పెట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూసింది ఆ రోజే.

మళ్ళీ ప్రయత్నించేలోపు నాన్న పోయాడు. కర్మకాండలయ్యాక అత్త వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"వదినె, అన్న కణాలు ఇంకొన్ని మా దగ్గర మంచుల దాచినం. ఎందుకు పెరగలేదో చూస్త. నువ్వు వద్దంటే ముట్టుకోను."

అమ్మ తల ఊపింది. అత్త మిగిలిన ఏళ్ళన్నీ ఆ "ఎందుకు" వెనకే తిరిగింది. గట్టి మందులు వాడకముందే కణాలు తీసి దాచాలని కనబడిన ప్రతి డాక్టరుకూ పోరి పోరి చెప్పేది. మణుగూరు పిల్ల ఒకామెకు అలాగే ముందే తీశారు. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. అత్త మాత్రం ఆమె గురించీ "చూద్దాం" అనే అంది.

అత్త దశదినకర్మ నాడు, ల్యాబులో ఆమె దగ్గర పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. నాన్న కణాల పెట్టె ఇంకా ఉందట, ఉంచాలా, తీసేయాలా అని అడిగింది. నేను స్పీకర్ పెడితే అమ్మ ఫోన్ అందుకుంది.

"గవి ఇంకా పానంతోనే ఉన్నయా బిడ్డా?"

"ఉన్నాయమ్మా. నిద్రపోతున్నట్టు ఉంటాయి."

"మరి ఉండనియ్యి. ఆమె చూస్తున్నది నువ్వు చూడు."

పెట్టె మూసేముందు దాని మీది పేరు ఇద్దరు పైకి చదవాలన్నది అత్త పెట్టిన నియమం. తెరిచిన పెట్టె ముందు నిలబడి ఆ అమ్మాయి నాన్న పేరు చదివింది. చదివి ఆగిపోయింది. ఇన్నేళ్ళూ రెండోసారి చదివిన గొంతు అత్తది. అవతల ఆ అమ్మాయి ఏడుపు వినబడుతోంది.

పెళ్ళయిన నాటి నుంచి మొగుడి పేరు నోటితో పలకని మా అమ్మ, ఫోన్ దగ్గరగా పెట్టుకుని ఆ పేరు చెప్పింది.