కౌంటరు మీద రెండు కార్డులు

డబ్బా మీద పెద్ద అంకె కనబడగానే మీ బుర్ర ఎందుకు పనిచేయడం మానేస్తుంది? అడుగుతున్నది మిమ్మల్నే. రాయికి పసుపు పూస్తే నవ్వే మీరు, అట్టపెట్టెకు మెరుపు కాగితం చుడితే ఎందుకు దండం పెడతారు?

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. అరకులో సంత వీధి చివర మా చెల్లెలు గేములు ఆడించే చిన్న కంప్యూటరు కొట్టు పెట్టింది. కాఫీ తోట మీద వచ్చినదంతా అందులోనే పోసింది. కార్ల పందెం ఆట కోసం విశాఖపట్నం నుంచి కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చింది. ఆటలో బొమ్మను తెర మీద గీసేది ఆ కార్డే. డబ్బా మీద ‘512 ఎంబీ’ అని అరచెయ్యంత అక్షరాలు. తీరా చూస్తే మలుపు వచ్చిన ప్రతిసారీ కారు ఎక్కిళ్ళు వచ్చినట్టు ఆగి ఆగి కదిలేది. ఆడేవాళ్ళు రావడం మానేశారు.

ఫోన్ చేస్తే ఆ కార్డు అమ్మిన షాపువాడు, "మీ కొండల్లో కరెంటు బాగోదమ్మా, కార్డేటి సేత్తాది?" అన్నాడు.

మా పెదనాన్న, "అమ్మోరు నడిసే దార్లో కొట్టెట్టినావు గుంటా. కోడిని కొయ్యి, నేకపోతే కొట్టు మూసెయ్యి" అన్నాడు. వచ్చే సంతనాడు ఊరిపెద్దలు కూర్చుని తేలుస్తామన్నారు. చెల్లెలు కోడి వైపు చూడడం మొదలుపెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. ఇద్దరూ తప్పును మా కొండ మీదకే తోశారు. కార్డును మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేదు. కంప్యూటరు సీపీయూని దుప్పట్లో చుట్టి, చెరో పక్కా పట్టుకుని పాసింజరు బండెక్కాం. తిన్నగా షాపువాడి కౌంటరు మీద దించాం.

"ఇదేటమ్మా, పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చినారు?"

"నువ్వు కట్టబెట్టిన పెళ్ళికొడుకు లోపలున్నాడు. ఆడి సంగతి సూడు" అంది చెల్లెలు.

తన తెరకే తగిలించి ఆట పెట్టాడు. వాడి కరెంటు, వాడి ప్లగ్గు. అదే మలుపు, అవే ఎక్కిళ్ళు.

"అమ్మవారు కూడా టికెట్ కొనుక్కుని మనతో బండెక్కిందంటావా?" అన్నాను చెల్లెలితో.

అలమరలో ఒక చిన్న డబ్బా ఉంది. 128 ఎంబీ కార్డు, ధర కూడా తక్కువ. అది ఇందులోనే పెట్టి చూపించమన్నాను.

"అది దీన్లో నాలుగో వంతమ్మా! ఐనా మేం డెమోలియ్యం."

"ఇయ్యకపోతే మేం కదలం" అని చెల్లెలు స్టూలు లాక్కుని కూర్చుంది. కొనడానికి వచ్చినవాళ్ళు చుట్టూ మూగారు. వాడు మూతి ముడుచుకుని స్క్రూడ్రైవరు తీశాడు.

ఈసారి కారు ఆ మలుపులో నీళ్ళలో చేపలా జారిపోయింది. ఇందులో మాయ లేదు. ఎంబీ అంటే సరుకు పెట్టుకునే చోటు. గీసే పని కార్డులో ఉండే చిప్పుది. గాదె ఎంత పెద్దదైనా, దంచే చెయ్యి నిదానమైతే పొద్దుగూకినా ఎసట్లోకి గింజలు రావు. షాపువాడు గాదె చూపించి మా దగ్గర ధర కట్టించుకున్నాడు.

చెల్లెలు చిన్న కార్డే తీసుకుంది. తేడా సొమ్ము గల్లాపెట్టె ముందు నిలబడి వసూలు చేసింది.

సంతనాడు కొట్టు కిటకిటలాడింది. తేల్చడానికి వచ్చిన పెద్దలు కుర్రాళ్ళ భుజాల మీంచి ఆట చూస్తూ నిలబడిపోయారు.

"మరి కోడి మాటేటి?" అన్నాడు పెదనాన్న.

"గుడ్లెడతంది. పెట్టనీ పెదనాన్నా" అంది చెల్లెలు.

ఆయన తెర వైపు తొంగిచూసి, "ఆ ఎర్రకారు ఎవుల్ది?" అన్నాడు.

రేపు మీరు కొనబోయేది కార్డు కానివ్వండి, తాయెత్తు కానివ్వండి. పోటీ సరుకును దాని పక్కనే పెట్టించి, మీ పని మీదే, మీ కళ్ళముందే రెండూ నడిపించమనండి. నడపనంటే జేబులోంచి చెయ్యి బయటికి తీయకండి.