భద్రయ్య మోపెడ్‌కు ప్రీమియం

సైనిక్‌పురి బంకులో పెట్రోలు పోసే భద్రయ్య ఏ బండి వచ్చినా ముందు ట్యాంకు మూత లోపలి రాత చదువుతాడు. దసరా నాడు బంతిపూల దండతో ఒక స్పోర్ట్స్ కారు వచ్చింది. మామూలు పెట్రోలు చాలన్నాడు ఓనరు.

“ప్రీమియం పెట్రోలే పొయ్యాలని రాసున్నది సార్. లేకుంటే ఇంజిన్‌కు తక్లీఫ్.”

ఓనరు ఒప్పుకున్నాడు. వెనకే స్కూటీ మీదున్న సుకన్య, “పండుగ గదా కాకా, నాకు సుత అదే పొయ్యి,” అంది.

“దీనికి మామూలుదే సాలమ్మా, అది దండగ,” అని వినిపించుకోలేదు భద్రయ్య.

ఆమె పక్కకెళ్లి టైర్లకు గాలి పట్టించుకునేలోగా అతని డ్యూటీ అయిపోయింది. తన పాత మోపెడ్‌కు బొట్టు పెట్టి, లీటరు ప్రీమియం పోశాడు.

“దీని మూతల ఏం రాసున్నది కాకా?”

“రాత ఎప్పుడో అరిగిపోయిందమ్మా. ఇరవయ్యేండ్లు నన్ను మోసింది. పండుగ పూట పాయసం పెట్టొద్దా?”