ఇగ పండుకో

లారీలు తూచే కాటా మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో మా కంప్యూటర్ల పెద్దసారు, ఏది ఆపినా మిషన్ నెత్తి నిమిరి, "మస్తు చేసినవ్, ఇగ పండుకో" అనేవాడు. ఆయన కళ్లు మాత్రం పదేళ్లుగా పడుకున్నట్టు కనిపించేవి కావు.

కాటా ప్రోగ్రాం నడిచే పాత కంటైనర్ ఇమేజ్‌కు, అంటే ప్రోగ్రాముకు కావలసిన సామానంతా కట్టిపెట్టిన మూటకు, ఇక మరమ్మతులు రావని తయారుచేసినవాళ్లు చెప్పేశారు. ఒక మధ్యాహ్నం దాన్ని ఆపి కొత్త ఇమేజ్‌కు మారాం. రెండు గంటలకు తూచిన లారీకి చీటీ మీద పొద్దున ఎనిమిదిన్నర అని పడింది. టైము తప్పుగా ఉందని దాన్ని గేటు దగ్గర ఆపేశారు. వెనక లారీలు ఎక్కడో దూరాన ఉన్న కట్టంగూర్ దాకా నిలిచాయి.

"ఎనిమిదిన్నరకు నేనింక ఇంట్లనే పండుకున్న గద సారూ! గా నిద్రన్న వాపసియ్యుండ్రి," అన్నాడు డ్రైవరు.

ఈ ఇమేజ్‌ల గడియారం మామూలుగా మనకంటే ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది; పాతదాంట్లో దాన్ని ఎప్పుడో చేత్తో మన టైముకు మార్చారు. ఆ సంగతి ఎక్కడా రాసిపెట్టలేదు. "ఎవడు చేసిండో చెప్పుండ్రి, ఇయ్యాలే ఇంటికి పంపుత!" అని మేనేజరు అరిచాడు.

"నేనే సార్. రాసుడు మర్శిన," అన్నాడు పెద్దసారు అలసటగా. కొత్తదాంట్లో టైము దిద్ది, ఈసారి కాగితం మీద రాసి గోడకు అంటించాడు. పోతూ పోతూ నా నెత్తి నిమిరాడు.

కట్టంగూర్ దాకా లారీలన్నది నా కల్పన, నిలిచినవి పదమూడే. ఆయన మరిచాడన్నదీ కల్పనే, కాకపోతే అది ఆయనది. మరిచింది నేను.