చప్పట్లు పడని పిల్ల

మా సిరిసిల్లలో మగ్గాల చప్పుడు లేనిదే తెల్లవారదు. నా బిడ్డ పవర్‌లూమ్ షెడ్డు పక్క గదిలోనే పుట్టి పెరిగింది. ఆ టకటకలకు ఏనాడూ ఉలిక్కిపడలేదు. ఎవరైనా ఒక్కసారిగా చప్పట్లు కొడితే మాత్రం చెవులు మూసుకుని మూలకు నక్కుతుంది, బట్టలు తడుపుకుంటుంది. పదేళ్లొచ్చినా మాటలు తక్కువ. "మగ్గాల నడుమ పుట్టిన పిల్లను చప్పట్లేం జేస్తయే? గారాబం జేసి చెడగొట్టినవ్" అని మా అత్తమ్మ నన్నే దెప్పేది. మగ్గం ఒకే తీరుగా మోగుతుంది, చప్పట్లు అట్లా కావు. ఎంత చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఎక్కింది ఒక్క సారుకే. ఇట్లాంటి పిల్లల కోసం బడికి వచ్చే సారు ఆయన. శనివారం ప్రార్థన అయ్యాక, ఆ వారం ఎవరు ఏ మంచిపని చేశారో చెప్పి అందరితో చప్పట్లు కొట్టించేవారు. నా బిడ్డ కోసం అది బంద్ చేశారు. అందరూ రెండు చేతులూ పైకెత్తి గాలిలో ఊపాలి, అంతే. "ఈ వారం మన చిట్టితల్లి పక్కపిల్ల ప్లేటు గూడ కడిగి పెట్టింది" అని ఆయన చెప్పిన రోజు బడంతా చేతులూపిందట. ఆ సాయంత్రం అది నాకూ, నానమ్మకూ, ఆఖరికి మగ్గానికీ చేతులూపింది. మర్నాడు ఆదివారమని మొత్తుకున్నా వినకుండా బ్యాగు తగిలించుకుని వాకిట్లో నిలబడింది. ఆ సారును దేవుడనుకున్నా. నిజంగా అనుకున్నా.

తర్వాత, ఇట్లాంటి పిల్లలను బాగుచేస్తున్నందుకు జగిత్యాలలో ఆయనకు సన్మానమన్నారు. "బిడ్డను తోల్కరావాలె అక్కా. ఇదంత దాని గొప్పతనమే" అన్నారు.

"చప్పట్లు కొడితెనో, సారూ?"

"నేనుండంగ కొట్టనిస్తనా? ముందే అందరికి జెప్త."

ఆ మాట పట్టుకునే నేనూ బిడ్డకు చెప్పాను, "ఎవ్వలు కొట్టరు బిడ్డా" అని.

ఫంక్షన్ హాలు నిండా జనం. సారు మైకు పట్టుకుని, నా బిడ్డ భుజం మీద చెయ్యివేసి, మొదట్లో అది బడిలో బట్టలు తడుపుకున్న సంగతి కూడా పూసగుచ్చినట్టు చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడైనా చేతులూపమంటారని చూస్తున్నా. శాలువా పట్టుకున్న పెద్దమనిషి ముందుకొచ్చి "ఏంది గట్ల గూసున్నరు? గట్టిగ కొట్టుండ్రి చప్పట్లు!" అన్నాడు. నేను సారు వైపు చూశాను. ఆయన ఫొటోగ్రాఫర్ వైపు చూసి నవ్వుతున్నారు. హాలంతా చప్పట్లు. నా బిడ్డ చెవులు మూసుకుని, స్టేజీ మీద, అంతమంది ముందర... రాయడానికి నాకు చేతులు రావడం లేదు.

కిందికి దిగాక నిలదీస్తే "గంత పెద్దోళ్లను వద్దని ఎట్లంట అక్కా? జర సమజ్ చేస్కో" అన్నాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. శాలువా మాత్రం తీయలేదు.

జగిత్యాలకు దగ్గరే కదా అని బిడ్డను అటునుంచటే కోరుట్లలో మా అమ్మవాళ్లింటికి తీసుకుపోయాను. బడి పేరెత్తగానే చెవులు మూసుకుంది. మర్నాడు సారు అక్కడికే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. బిడ్డ ఊపలేదు. నా కొంగు పట్టుకుని, ఆయన వెనక వాకిట్లోకి తొంగి తొంగి చూసింది.

"ఇంకెవలచ్చిండ్రు?" అని నన్నడిగింది.

"ఎవ్వలు రాలే బిడ్డా, సారొక్కడే" అన్నాను.

నా మాటా నమ్మలేదు. లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది.